కిందికి దించిన మియాటా, కోని షాకులు: ఆరేళ్ల తర్వాత

డాలస్‌లో నాకో 1995 మాజ్డా మియాటా, రెండు సీట్ల చిన్న స్పోర్ట్స్ కారు, ఉంది. దాని కింద పసుపు రంగు కోని స్పోర్ట్ షాకులు (షాక్ అబ్జార్బర్లు) వేసి ఆరేళ్లయింది, 40 వేల మైళ్లు దాటాయి. వాటి సంగతి చెప్పేముందు నేను చేసిన తప్పు చెప్పాలి.

మొదట కారుని కిందికి దించే స్ప్రింగులు మాత్రమే కొన్నాను. కారు అంగుళంపావు దిగింది, చక్రానికీ ఫెండరుకీ మధ్య ఖాళీ తగ్గి ముచ్చటగా కనిపించింది. పాత షాకులు అలాగే ఉంచేశాను. ఇక చూడండి, కాంక్రీట్ ఫ్రీవే మీద అతుకు వచ్చినప్పుడల్లా వెనక నుంచి దభీమని దెబ్బ. మా ఆవిడ ఒక్కసారి ఎక్కి, దీనికన్నా మా తాతగారి ఎడ్లబండి నయం అంది.

స్ప్రింగులు మరీ గట్టివేమో అనుకున్నాను. అనుమానం తీరక, షాక్ రాడ్డుకి చిన్న జిప్ టై (ప్లాస్టిక్ కట్టు) కట్టి, కిందికి జరిపి, ఓ రౌండు తిరిగొచ్చాను. జాకీ పెట్టి చూస్తే జిప్ టై పైకెక్కి బంప్ స్టాప్ రబ్బరుకి, అంటే షాకు చివరిదాకా నొక్కుకుంటే తగిలే రబ్బరుకి, ఆనుకుని ఉంది. దెబ్బ స్ప్రింగుది కాదు. షాకు కదలడానికి చోటు లేక కారు వెళ్లి రబ్బరు మీద పడుతోంది. మియాటాలో ఆ చోటు అసలే తక్కువ, అందులో కొంత నేనే తినేశాను.

అప్పుడు ఏ కంపెనీ షాకులు వేయాలి, బిల్‌స్టీనా, కోనీయా అన్న ప్రశ్న వచ్చింది. రెండూ పసుపే, లోపల మాత్రం వేరు. బిల్‌స్టీన్‌లో దించిన కారుకి బీ8 తీసుకోవాలి, దాని బాడీ పొట్టి. బీ6 మామూలు ఎత్తుకి చేసింది. బీ6, బీ8 రెండిట్లోనూ తిప్పి సర్దుకునేది ఏమీ లేదు, కోనీలో ఉంది. నాకు తర్వాత స్ప్రింగులు మార్చే బుద్ధి ఉంది కాబట్టి కోని తీసుకున్నాను. వాటితోపాటు 1999 మోడల్ నుంచి వచ్చిన పై మౌంట్లు కూడా వేయించాను, అవి పాతవాటికన్నా షాకు కదలడానికి కాస్త ఎక్కువ చోటు (ట్రావెల్) ఇస్తాయి. నా లెక్కలో సగం బాగుపడింది వీటివల్లే.

బిగించిన షాపువాళ్లు కారు గాల్లో ఉండగానే కంట్రోల్ ఆర్మ్ (చక్రాన్ని కారు ఫ్రేముకి కలిపే చెయ్యి) బోల్టులు టైట్ చేసేశారు. అలా చేస్తే ఆ కీళ్లలో ఉండే బుష్ రబ్బర్లు మెలిపడి ఉండిపోతాయి, కారు సరిగ్గా దిగదు. బరువు చక్రాల మీద ఉన్నప్పుడు బిగించాలి. మళ్లీ వదులు చేయించి, అలైన్‌మెంట్‌కి రెండోసారి డబ్బు కట్టాను.

కోనీలో తిప్పితే మారేది రీబౌండ్ ఒక్కటే, అంటే నొక్కుకున్న షాకు తిరిగి సాగే వేగం. గుంతలో పడ్డప్పటి కుదుపు తగ్గుతుందనుకుని తిప్పితే లాభం లేదు. కొత్తలో హుషారు కొద్దీ బాగా బిగించాను. వరసగా గతుకులొస్తే చక్రం కిందికి దిగే లోపే ఇంకో దెబ్బ, కారు అంచెలంచెలుగా కుంగి మళ్లీ ఆ రబ్బరు మీదే కూర్చుంది! ఇప్పుడు పూర్తి మెత్తదనం నుంచి ముందు ముప్పావు చుట్టు, వెనక అర చుట్టు. వెనక షాకుల్ని తిప్పాల్సిన తల డిక్కీలో కార్పెట్ వెనక ఉంటుంది, చెయ్యి పెట్టడం కాస్త ఇబ్బందే.

ఈ షాకులకీ ఒక జిప్ టై కట్టాను. పోయిన నెల కిందికి జరిపి వారం రోజులు ఆఫీసుకి తిరిగి చూశాను. రబ్బరుకి రెండు వేళ్ల దూరంలో ఆగింది.