జాగ్రత్త: వెనక బ్రేక్ ప్యాడ్లు తొందరగా అరిగాయంటే బిల్లు కట్టే ముందు ఇవి అడగండి

వెనక డిస్క్ బ్రేకులున్న (చక్రంతో తిరిగే డిస్కును రెండు ప్యాడ్లు రెండు పక్కలా నొక్కి ఆపేవి) కారును సర్వీసుకిస్తే, పాతిక వేల కిలోమీటర్లయినా తిరక్కుండానే "వెనక ప్యాడ్లు అయిపోయాయి సార్, పనిలో పనిగా డిస్కులు కూడా మార్చేద్దామా?" అని ఫోనొస్తుంది. సరేనంటే మార్చేస్తారు. ఎందుకు అరిగాయన్న మాట మాత్రం సర్వీసులో చేసిన పని రాసే జాబ్ కార్డులో ఎక్కడా ఉండదు. ప్యాడ్లను తినేసిన లోపం బండిలోనే ఉండిపోతే కొత్త సెట్టూ అంతే తొందరగా పోతుంది, మళ్లీ అదే బిల్లు.

లోపం లేకుండానూ అరగొచ్చు. బ్రేకు తొక్కితే బరువు ముందుకు వాలుతుంది కాబట్టి ఆపే పనిలో పెద్ద వాటా ముందు చక్రాలదే. అందుకే వెనక ప్యాడ్లు చిన్నవిగా, తరచు పలచగా ఇస్తారు. కానీ ఈబీడీ (ముందు, వెనక చక్రాలకు బ్రేకు బలాన్ని పంచే ఏర్పాటు) ఉన్న బండ్లలో నెమ్మదిగా బ్రేకు వేసినప్పుడు వెనక చక్రాలకూ బాగానే పని పడుతుంది. ఈఎస్‌సీ, ట్రాక్షన్ కంట్రోల్ (బండి జారకుండా, చక్రం ఊరికే తిరిగిపోకుండా చూసే ఏర్పాట్లు) మీ కాలు పెడల్ మీద లేకపోయినా ఒక్కో చక్రాన్ని పట్టి వదులుతుంటాయి. నిండా జనం, డిక్కీ నిండా సామాన్లతో ఘాట్ రోడ్డు దిగుతూ, గేరు తగ్గించకుండా బ్రేకు మీదే నెట్టుకొస్తే ఇక చెప్పక్కర్లేదు. "ఆటో హోల్డ్ వాడారు, అందుకే అరిగాయి" అంటే మాత్రం ఒప్పుకోకండి. ఆటో హోల్డ్ అంటే బండి ఆగాక కాలు తీసినా బ్రేకును పట్టి ఉంచేది. ఆగి ఉన్న చక్రంలో రాపిడి ఉండదు, రాపిడి లేనిదే అరుగుదల ఎక్కడిది?

వాడకమా, లోపమా అన్నది పాత ప్యాడ్లే చెబుతాయి. నాలుగింటి మీదా ఎడమ, కుడి, లోపల, బయట అని మార్కరుతో రాసి చూపించమనండి. నాలుగూ దాదాపు సమానంగా అరిగితే అది వాడకమే. లోపలిది అయిపోయి బయటిది నిండుగా ఉంటే ప్యాడును డిస్కు మీదికి నెట్టే పిస్టన్ వెనక్కి రావట్లేదు, లేదా ప్యాడ్లను డిస్కుకు నొక్కే కాలిపర్ జరగట్లేదు. బయటిదే ఎక్కువ అరిగితే కాలిపర్ అటూ ఇటూ జారేందుకు ఉండే స్లైడ్ పిన్నులను అనుమానించాలి. ఒకే ప్యాడు ఒక కొస పలచగా, ఇంకో కొస మందంగా ఏటవాలుగా అరిగిందా? రెండు పిన్నుల్లో ఒకటి పట్టేసి ఉండాలి, లేదా ప్యాడు కొసన పొడుచుకొచ్చిన చెవి బ్రాకెట్‌లో ఇరుక్కుని ఉండాలి. కొత్త ప్యాడుకు మెటీరియల్ సుమారు 8 నుంచి 10 మి.మీ. ఉంటుంది, 3 మి.మీ.కి వస్తే మార్చాలి. కొలిచేటప్పుడు వెనకున్న ఇనుప పలకను లెక్కలో కలపకూడదు.

తరచుగా దొరికే దొంగ స్లైడ్ పిన్నే. పిన్ను మీద కప్పి ఉండే రబ్బరు బూటు చిరిగితే వాన నీళ్లు, బురద లోపలికి చేరి పిన్ను తుప్పు పడుతుంది, సముద్రపు గాలి తగిలే ఊళ్లలో ఇంకా తొందరగా. చేత్తో నెడితే పిన్ను మెత్తగా జారాలి. జారకపోతే బయటికి తీసి, బ్రేక్ క్లీనర్‌తో తుడిచి, సిలికాన్ బ్రేక్ గ్రీజు శనగగింజంత రాస్తే చాలు. ఎక్కువ కూరితే లోపల గాలి చిక్కి పిన్నును వెనక్కి తంతుంది. బేరింగులకు వాడే మామూలు గ్రీజు రాస్తే రబ్బరు ఉబ్బి పిన్ను మళ్లీ పట్టేస్తుంది. కొన్ని కాలిపర్లలో ఒక పిన్నుకు రబ్బరు తొడుగుంటుంది, రెండోదానికి ఉండదు. పైదీ కిందదీ తారుమారు చేసి బిగించకూడదు. ప్యాడు చెవులు కూర్చునే స్టీలు క్లిప్పుల కింద పేరుకున్న తుప్పునూ గీకించాలి. బిల్లులో ప్యాడ్ సెట్టు, లేబరు తప్ప క్లీనింగ్, గ్రీజింగ్ ఊసే లేకపోతే ఆ పని జరిగిందో లేదో గట్టిగా అడగండి.

తర్వాతి అనుమానం హ్యాండ్‌బ్రేకు. లూజుగా ఉందని చెబితే కేబుల్ నాలుగు చుట్లు బిగించి పంపేయడం సులువు. మరీ బిగిస్తే, హ్యాండ్‌బ్రేకు దించినా కాలిపర్ మీది చిన్న లివర్ దాని స్టాపుకు ఆనదు, ప్యాడ్లు డిస్కును రాసుకుంటూనే ఉంటాయి. ఒకట్రెండు క్లిక్కులకే గట్టిగా పట్టేస్తుంటే ఇదే చూడండి. వెనక డిస్కుకు బదులు డ్రమ్ బ్రేకులున్న బండ్లలో మొదట షూల (డ్రమ్ లోపల ప్యాడ్ల పని చేసేవి) అడ్జస్టరు సరిచేసి, ఆ తర్వాతే కేబుల్ జోలికి వెళ్లాలి.

చక్రం బిగిసిపోయి తిరగకపోతే కాలిపర్ మీద బ్రేక్ ఆయిల్ బయటికి వదిలే బ్లీడ్ నిపుల్ కాస్త వదులు చేయించండి. వెంటనే వదిలిందంటే ఆయిల్ ప్రెషర్ లోపలే ఇరుక్కుంది: బ్రేక్ హోస్ (ఆయిల్ గొట్టం) లోపల ఉబ్బి మూసుకుపోవడమో, పెడల్ తొక్కితే ఆయిల్ నెట్టే మాస్టర్ సిలిండరో కారణం. అయినా వదలకపోతే పిస్టన్, పిన్నులు, కేబుల్ వెతకాలి. నిపుల్ తెరిచాక బ్లీడింగ్ (లోపలి గాలి తీసేయడం) చేయకుండా బండి తీసుకోవద్దు.

ప్యాడ్లు మార్చేటప్పుడు జరిగే చేటు ఇంకొకటి. హ్యాండ్‌బ్రేకు కాలిపర్‌లోనే కలిసి ఉండి, కేబుల్‌తో పనిచేసే చాలా బండ్లలో పిస్టన్‌ను సీ క్లాంపుతో నెట్టకూడదు, టూలుతో తిప్పుతూ లోపలికి పంపాలి. బటన్ హ్యాండ్‌బ్రేకు అయితే ముందు స్కానరుతోనో, కంపెనీ చెప్పిన పద్ధతిలోనో సర్వీస్ మోడ్‌లో పెట్టాలి. బలవంతంగా నెడితే లోపలి స్క్రూ దెబ్బతిని కాలిపరే కొనాల్సి వస్తుంది.

డిస్కు మార్చాలంటారా, దాని మీద కనీస మందం అచ్చు వేసి ఉంటుంది. మైక్రోమీటరుతో కొలిచి అంకె చెప్పమనండి. మామూలు వెర్నియరు అయితే అంచున అరగని గట్టు దగ్గర ఆగి, ఉన్నదానికంటే మందంగా చూపిస్తుంది.

ప్యాడ్లు అరిగే వస్తువులు, వారంటీలో రావు అంటారు. సాధారణంగా నిజమే. కానీ వారంటీ గడువులోనే కాలిపర్ జామ్ అయితే అది వేరే సంగతి, దాన్ని జాబ్ కార్డులో రాయించి ఫొటో తీసుకోండి. రాయనంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915.

సెకండ్ హ్యాండ్ కారు కొనేవాళ్లు 10 కిలోమీటర్లు నడిపి, బ్రేకు పెద్దగా వాడకుండా ఆపి, రెండు వెనక చక్రాల దగ్గరా చెయ్యి పెట్టి చూడండి. డిస్కును మాత్రం ముట్టుకోవద్దు. ఒక పక్క సెగ స్పష్టంగా ఎక్కువగా ఉంటే ముందు ఆ చక్రం విప్పించండి, బేరం సంగతి ఆ తర్వాత.