ఇంటిల్లిపాదీ బొమ్మలు వేయడానికి ఏ కాగితం, ఏ పెన్సిలు, ఏ రంగులు: నల్లగొండ నుంచి ఒక సమీక్ష

ఇంట్లో అందరూ కలిసి బొమ్మలు వేసుకోవాలని సామగ్రి కొనడానికి వెళ్లినవారి చూపు ముందుగా రంగుల పెట్టెల మీదికే పోతుంది. పన్నెండు రంగులు తీసుకోవాలా, ఇరవై నాలుగా, నలభై ఎనిమిదా అన్నదే అక్కడ పెద్ద చర్చ అవుతుంది. కొంతకాలంగా నేను, నా భార్య, ఇద్దరు పిల్లలు, మా అమ్మ ఆదివారాలు కలిసి కూర్చుని, నల్లగొండ గడియారం సెంటర్ చుట్టుపక్కల బుక్ డిపోల్లో దొరికినవాటితోనూ, హైదరాబాదు నుంచి తెప్పించుకున్నవాటితోనూ బొమ్మలు వేస్తూ వస్తున్నాం. వాడి చూశాక నాకు స్థిరపడిన అభిప్రాయం ఏమిటంటే, చేతిలో ఉన్న డబ్బులో ఎక్కువ భాగం కాగితానికి పెట్టాలి, ఆ తర్వాత పెన్సిళ్లకు, అన్నిటికంటే చివర రంగులకు.

ఇళ్లలో సాధారణంగా ఉండే జిరాక్స్ కాగితం 75 జీఎస్‌ఎం, అంటే చదరపు మీటరుకు 75 గ్రాముల బరువు. నున్నగా ఉండటం వల్ల దాని మీద పెన్సిలు జారుతుంది, రెండుమూడు సార్లు రబ్బరుతో తుడిస్తే పైపొర నూగులా లేస్తుంది. పిల్లలు తమకు బొమ్మ రావడం లేదని అనుకునేది చాలాసార్లు ఇక్కడే. 130 నుంచి 150 జీఎస్‌ఎం వరకు ఉండే, బొమ్మలకు వాడే మందపాటి కార్ట్రిడ్జ్ కాగితానికి వేలికి తెలిసేంత సన్నని గరుకు ఉంటుంది. పెన్సిలు మొనలోని నల్లటి గ్రాఫైట్‌ను పట్టి నిలిపేది ఆ గరుకే కనుక, అదే పెన్సిలు అదే చేతిలో దీని మీద మరింత నల్లగా, నిండుగా పలుకుతుంది. పిల్లలకు ఎ4 సైజు స్పైరల్ పుస్తకం సరిపోయింది, ఒళ్లో పెట్టుకున్నా అట్ట గట్టిగా ఉంటే వేరే ప్యాడ్ అవసరం రాదు. మా అమ్మకు మాత్రం ఎ3 షీట్లే నప్పాయి. ఏళ్ల తరబడి వాకిట్లో ముగ్గులు వేసిన చేయి కావడంతో ఆమె గీత మణికట్టు నుంచి కాక భుజం నుంచి వస్తుంది, చిన్న కాగితం మీద ఆ గీతకు చోటు చాలదు. పెద్దవాళ్లకు చిన్న పుస్తకం ఇచ్చి సర్దుకోమనడం సరికాదని నా గట్టి నమ్మకం.

పెన్సిళ్ల విషయంలో పెద్ద డబ్బాలు కొననక్కరలేదు. గ్రాఫైట్ పొడిని బంకమట్టితో కలిపి కాల్చే పద్ధతిని 1795లో ఫ్రాన్సులో నికొలా జాక్ కాంటే రూపొందించాడు. నేటికీ పెన్సిళ్ల గ్రేడులు ఆ పాళ్ల మీదే ఆధారపడతాయి. మట్టి పాలు పెరిగితే మొన గట్టిపడి గీత పలచగా పడుతుంది, గ్రాఫైట్ పెరిగితే మొన మెత్తబడి గీత నల్లబడుతుంది. బడిలో వాడే హెచ్‌బీకి తోడు 2బీ, 4బీ, 6బీ (బీ ముందు అంకె పెరిగేకొద్దీ మొన మెత్తన, గీత నలుపు) ఉంటే మా అవసరాలన్నీ తీరాయి. అప్సర, క్యామ్లిన్ డ్రాయింగ్ పెన్సిళ్లు రెండూ బాగున్నాయి. 6బీని మాత్రం మెండర్‌లో తిప్పితే మొన తరచూ విరుగుతోంది, దాన్ని పెద్దవాళ్లు బ్లేడుతో పొడుగ్గా చెక్కి ఇవ్వడం మేలు.

ఈ గ్రేడుల విలువ పిల్లలకు తెలిసివచ్చింది పానగల్లులో. అక్కడి ఛాయా సోమేశ్వరాలయంలో మూడు గర్భగుళ్లకు ఒకటే మండపం. ఒక గర్భగుడిలో పగలంతా స్తంభం నీడ కదలకుండా కనిపిస్తుంది. మండపంలో కూర్చుని చూస్తే ఎండ పడే గచ్చు, మసక వెలుతురులో స్తంభాలు, వాటి వెనుక చీకటి, ఆ చీకటిలో ఇంకా నల్లగా నీడ, ఇలా నలుపు ఎన్ని మెట్లుగా దిగుతుందో కంటికి స్పష్టంగా అందుతుంది. హెచ్‌బీ ఒక్కదాన్నే గట్టిగా నొక్కితే కాగితం మెరుస్తుందే గాని ఆ లోతు రాదు, 6బీతో తేలికగా పొరలు పొరలుగా రుద్దితే వస్తుంది. కళాసామగ్రి పరీక్షకు మన జిల్లాలో ఇంతకు మించిన చోటు నాకు తెలియదు.

చార్‌కోల్ అంటే బొమ్మలకు వాడే బొగ్గు, పెద్దల చేతికి అద్భుతమైన వస్తువు. కాల్చిన సన్నని కొమ్మల రూపంలో వచ్చేది తేలికగా తుడుచుకుపోతుంది, నొక్కి తయారుచేసిన కడ్డీ చిక్కని నలుపునిస్తుంది. దీనితోపాటు పిసికే రబ్బరు తప్పక కొనాలి. చపాతీ పిండిలా సాగే ఆ ముద్దను కాగితం మీద అద్ది తీస్తే పొడిని పైకి లాగేస్తుంది, రాతి మీద వెలుగు పడిన చోటును అలా తెల్లగా బయటికి తీయవచ్చు. ఇంట్లో చిన్నపిల్లలుంటే చార్‌కోల్‌ను వాకిట్లోనో డాబా మీదో వాడుకోవాలి, పొడి బట్టలకూ గోడలకూ అంటుతుంది.

ఆయిల్ పేస్టల్స్ ఆరేళ్ల పిల్లలకు ఎంతో ఇష్టమవుతాయి. మైనం, ఎండిపోని నూనె కలిపి చేసినవి కనుక వేసిన బొమ్మ ఎన్నాళ్లైనా చేతికి అంటుతూనే ఉంటుంది, పైన బటర్ పేపరు కప్పి దాచాలి. మన ఎండాకాలంలో పెట్టెను కారులో వదిలేస్తే మెత్తబడి ఒకదానికొకటి అంటుకుంటాయి. స్కెచ్ పెన్నులను నేను సిఫారసు చేయను, వాటితో వెలుగునీడలు నేర్చుకోవడం కష్టం.

నీటి రంగుల దగ్గర కాగితం మాట మళ్లీ ఎత్తక తప్పదు. వాటర్ కలర్ ప్యాడ్ అని అట్ట మీద పెద్దగా అచ్చువేసిన ఒక పుస్తకం కొంటే, మొదటి పూతకే కాగితం వంగి, రంగంతా గుంటల్లోకి చేరి మరకలు కట్టింది. తర్వాత కొన్న 300 జీఎస్‌ఎం గరుకు కాగితం మీద, విద్యార్థులు వాడే క్యామెల్ ట్యూబు రంగులే, ఉదయసముద్రం చెరువు నీటినీ ఆకాశాన్నీ ఒకే తడిలో కలిపేంత చక్కగా పరుచుకున్నాయి. రంగులు మార్చలేదు, మారింది కాగితమే. ఆ కాగితం ఖరీదైనదన్నది నిజం. అయితే ఎ3 షీటును ఎనిమిది ముక్కలు చేసుకుంటే ఒక్కో ముక్క పోస్టుకార్డుకు కాస్త అటూఇటూగా వస్తుంది, నలుగురు మనుషులు రెండేసి బొమ్మలు వేయవచ్చు. గుండ్రటి కుంచెలు రెండు, ఒకటి సన్నది, ఒకటి లావుది, చాలు. ఏప్రిల్, మే నెలల్లో బయట వేస్తే పొద్దున్నే మొదలుపెట్టాలి. ఎండెక్కాక పూత పక్కకు పరుచుకునేలోపే ఆరిపోయి అంచు గీతలు పడతాయి.

నల్లగొండ దుకాణాల్లో పెన్సిళ్లు గ్రేడు వారీగా విడిగా ఇస్తారు, ట్యూబు రంగులు కూడా కొన్నిచోట్ల ఒక్కొక్కటి అమ్ముతారు. కాబట్టి సెట్టు కొనకుండా ఎరుపు, పసుపు, నీలం, ఒక ముదురు గోధుమ రంగు విడిగా తీసుకుని, మిగిలిన డబ్బుతో మందపాటి షీట్లు కొనుక్కోవచ్చు. 300 జీఎస్‌ఎం కాగితం, పిసికే రబ్బరు మాకు ఇక్కడ దొరకలేదు, హైదరాబాదు వెళ్లేవారితో చెప్పి తెప్పించుకున్నాం.