ఇంగ్లండు క్లబ్బు మెంబర్‌షిప్: ఐదు వేలు పెట్టి కొన్న క్యూ టోకెను

అనంతపురంలో సప్తగిరి సర్కిల్‌కు కాస్త ఇవతల నాకొక నెట్ సెంటర్ ఉంది. 1బీ, అడంగల్, ఈసీ, హాల్ టికెట్లు, తిరుమల మూడొందల దర్శనం, ఏది కావాలన్నా తీసిస్తాను. పద్నాలుగేండ్లుగా ఇదే పని. ఆన్‌లైన్‌లో టికెట్టు పట్టడం గురించి నాకొకరు చెప్పాల్సిన పన్లేదని కొంచెం పొగరుండేది. అది దిగింది.

కొన్నది ఇంగ్లండు ఫుట్‌బాల్ ప్రీమియర్ లీగ్‌లో ఒక పెద్ద క్లబ్బు మెంబర్‌షిప్, 2024-25 సీజనుది. క్లబ్బు పేరు రాయను. రాస్తే ఆ క్లబ్బు అభిమానులు ఒక రకంగా చదువుతారు, పడనోళ్లు ఇంకో రకంగా చదువుతారు. పెద్ద క్లబ్బులన్నిట్లోనూ సంగతి దగ్గర దగ్గర ఇదే. డిగ్రీ హాస్టల్లో అర్ధరాత్రి ఒంటిగంటా పావుకు లేచి చాంపియన్స్ లీగ్ చూసిన కాలం నుంచి నాది ఆ జట్టే, అంతవరకు చెప్పగలను.

కథ ఎట్లా మొదలైందంటే, మా చిన్నాయన కొడుకు ఇంగ్లండులో ఉద్యోగం చేస్తాడు. మరదలికి నవంబరులో కాన్పు. చిన్నమ్మ ఒంటరిగా విమానం ఎక్కలేనని మొండికేసింది. తోడు పోయేది ఎవరంటే అందరూ నన్నే చూశారు. పదహారు రోజులు. ఆ పదహారు రోజుల్లో మా జట్టు సొంత మైదానంలో రెండు మ్యాచులు ఆడుతోంది. తమ్మునికి ఫోన్ చేస్తే, "అన్నా, మెంబర్‌షిప్ ల్యాకుండా టికెట్టు యాడా దొరకదు. ముందు అది తీస్కో" అన్నాడు.

తీసుకున్నా. మెంబర్‌షిప్ 35 పౌండ్లు. దాంతోపాటు ఒక డబ్బా ఇస్తామన్నారు, దానికీ విదేశీ పోస్టేజీకీ విడిగా కట్టాలి. నా కార్డులో విదేశీ లావాదేవీలు ఆన్ చేసుకోవడానికే ఒక పూట పట్టింది. మారకం మీద బ్యాంకు కోత, దానిమీద జీఎస్టీ, అన్నీ కలిపి ఐదు వేలు దాటింది. ఆ డబ్బుతో ఏమొస్తుందో క్లబ్బు పేజీలో పెద్దక్షరాలతో రాశారు: టికెట్లలో ప్రాధాన్యం. ఆ మాటను నేను టికెట్టు వస్తుందని చదువుకున్నా. తప్పు నాదే. ప్రాధాన్యం అంటే మెంబరు కానివాడి కంటే ముందు. కానీ మెంబరు కానివాళ్ల దాకా టికెట్లు మిగిలేదెప్పుడు? స్టేడియంలో అరవై, డెబ్బై వేల సీట్లు. వాటిలో ఎక్కువ భాగం సీజన్ టికెట్టు వాళ్లవి, అంటే సీజను మొత్తానికి ఒకేసారి సీటు కొనుక్కున్నవాళ్లవి. ఎదుటి జట్టు అభిమానులకు ఒక మూల, కంపెనీ బాక్సులు, విందు ప్యాకేజీలు తీసేస్తే మిగిలినవి మెంబర్లకు. సీట్లకు లెక్కుంది గానీ మెంబర్‌షిప్‌లకు లేదు. అనంతపురంలో ఒకడు, లాగోస్‌లో ఒకడు, జకార్తాలో ఒకడు ఎంతమంది కట్టినా తీసుకుంటారు.

మనవాళ్లకు ఇది చెప్పడం తేలిక. ఆర్జిత సేవలకు తిరుమలలో లక్కీడిప్ ఉంది కదా, అక్కడ దాన్ని బ్యాలెట్ అంటారు. పేరు ఇచ్చుకోవాలి, తర్వాత మెయిల్ వస్తుంది. తేడా ఒక్కటే. లక్కీడిప్‌లో పేరివ్వడానికి దేవస్థానం మన దగ్గర రూపాయి తీసుకోదు. ఇక్కడ డిప్‌లో పేరు వేయడానికే ఏడాది చందా కట్టాలి. ఇక శ్రీవాణి ట్రస్టుకు పదివేలు ఇచ్చి, ఐదొందల టికెట్టుతో బ్రేక్ దర్శనానికి పోయే దారి లాంటిది అక్కడ హాస్పిటాలిటీ. భోజనం, మెత్తటి కుర్చీ, డ్రా గొడవ లేదు. మామూలు టికెట్టుకు ఎన్నో రెట్లు. చిన్నమ్మ టికెట్టు, నా టికెట్టు, వీసాలు కట్టినాక అటువైపు చూసే ధైర్యం నాకు రాలేదు.

మొదటి మ్యాచ్ బ్యాలెట్: రాలేదు. "ఈసారి మీకు విజయం దక్కలేదు" అనే అర్థం వచ్చేలా మర్యాదగా మెయిల్. కింద షర్టుల ప్రకటన.

రెండో మ్యాచ్‌కు బ్యాలెట్ పోగా మిగిలిన కొన్ని సీట్లను నేరుగా అమ్ముతామన్నారు. ఉదయం 10 గంటలకు, వాళ్ల టైము. నా రంగం ఇదేనని చేతులు నలుపుకున్నా. మనకూ వాళ్లకూ ఐదున్నర గంటలు తేడా కదా, మధ్యాహ్నం 3:30. షాపులో రెండు సిస్టములు, ఒక ఫోను, మూడు లాగిన్లు సిద్ధం. అడంగల్ కోసం వచ్చిన రైతుకు, "ఒక్క అర్ధగంట కూర్చో పెద్దాయనా" అని చెప్పి టీ తెప్పించా. 3:20కి పేజీ తెరిచి చూస్తే అమ్మకం అయిపోయి ఉంది.

అక్టోబరు ఆఖరి ఆదివారం దాకా ఇంగ్లండులో గడియారం ఒక గంట ముందుకు ఉంటుంది. ఆ రోజు ఇంకా రాలేదు. తేడా నాలుగున్నర గంటలే. అంటే అమ్మకం మనకు 2:30కే మొదలైంది. ఆ టైముకు నేను ఇంట్లో అన్నం తింటున్నా. మూడొందల దర్శనం కోటాకు సెకండ్లు లెక్కపెట్టి కూర్చునే నేను, గంటను వదిలేశా. ఇంగ్లండు టికెట్టు కోసం ప్రయత్నించే ఎవరైనా సరే, మార్చి ఆఖరి ఆదివారం, అక్టోబరు ఆఖరి ఆదివారం, ఈ రెండూ గోడమీద రాసిపెట్టుకోండి.

ఇక మిగిలింది మారు అమ్మకం. రాలేని వాళ్లు తమ సీటును క్లబ్బు ద్వారానే ఇంకో మెంబరుకు అమ్ముకునే ఏర్పాటు. నిజం చెప్పాలంటే మెంబర్‌షిప్‌లో పనికొచ్చే భాగం ఇదొక్కటే. మెంబరు కాకపోతే ఈ పేజీ తెరుచుకోదు. సీట్లు రాత్రీ పగలూ ఒకటీ అరా పడుతుంటాయి. స్టేడియం పటంలో ఒక చుక్క వెలుగుతుంది, నొక్కేలోపల ఆరిపోతుంది. నాలుగు రాత్రులు దానిమీదే. అప్పటికి అక్కడికి చేరిపోయాం. పక్క గదిలో చిన్నమ్మ బాలింతకు కారప్పొడి సరిపోదేమోనని బెంగపడుతుంటే నేను ఫోను పట్టుకుని చుక్కలు లెక్కపెడుతున్నా. ఐదో రాత్రి రెండు గంటలప్పుడు ఒక చుక్క నా చేతికి దొరికింది. పై అంతస్తు, గోల్ వెనక, 58 పౌండ్లు. ఒకే సీటు. తమ్మునికి లేదు. తమ్ముడికీ మెంబర్‌షిప్ ఉంది, కానీ పక్కపక్కన రెండు సీట్లు మారు అమ్మకంలో పడటం నేనైతే చూడలేదు.

ఈ నాలుగు రాత్రుల్లో ఒక గ్రూపులో ఎవరో మూడొందల పౌండ్లకు టికెట్టు ఇస్తానని మెసేజ్ పెట్టాడు. జాగ్రత్త. ఇంగ్లండు, వేల్స్‌లలో ఫుట్‌బాల్ టికెట్టును అనుమతి లేకుండా తిరిగి అమ్మడం 1994 చట్టం ప్రకారం నేరం. సినిమా హాలు ముందు బ్లాకులో కొన్నట్టు అనుకుంటే డబ్బూ పోతుంది, గేటు దగ్గర పరువూ పోతుంది.

గేటు అంటే గుర్తొచ్చింది. టికెట్టు ఫోనులోనే వస్తుంది, కాగితం ఉండదు. ఫోనును రీడరు మీద పెడితే ఇనుప తిరుగుడు గేటు వదులుతుంది. దానికి ఫోనులో ఎన్‌ఎఫ్‌సీ అనే చిప్పు ఉండాలి. నాది పన్నెండు వేల ఫోను, అది లేదు. మూడుసార్లు పెట్టా, ఎర్ర లైటు. వెనక జనం. పసుపు కోటు వేసుకున్న అమ్మాయి నన్ను పక్కకు తీసి టికెట్ ఆఫీసు చూపించింది. అక్కడ ఇరవై నిమిషాలు నిలబడి, పాస్‌పోర్టు చూపించి, మెంబరు నంబరు చెప్తే చివరికి వాళ్లు ఏం చేశారనుకున్నారు? ప్రింటు తీసి ఇచ్చారు. మా షాపులో పది రూపాయలకు తీసే ప్రింటు లాంటిదే. నేను సీటుకు చేరేసరికి మొదటి గోలు పడిపోయింది. ఆ కేక మెట్లమీద విన్నా.

పక్క సీటులో ఒక పెద్దాయన. నలభై ఏండ్లకు పైగా సీజన్ టికెట్టు అట. ఆయన యాసలో సగం నాకు అర్థమైంది, సగానికి తలూపా. తన ఇద్దరు మనవళ్లూ మెంబర్లేనని, ఇద్దరికీ ఒకే మ్యాచ్ బ్యాలెట్‌లో ఎప్పుడూ రాలేదని చెప్పాడు. ముందు వరసలో వరుసగా నాలుగు ఖాళీ సీట్లు చూపించి, "అవన్నీ అమ్ముడుపోయినవే" అన్నాడు. కట్టినవాళ్లు రారు, వదులుకోరు. అందుకే కొన్ని క్లబ్బులు ఇప్పుడు ఇన్ని మ్యాచులకు రాకపోతే సీజన్ టికెట్టు తీసేస్తామంటున్నాయి. ఆ మాట వినగానే నాకు ఒక రకంగా అనిపించింది. ఆయన మనవడికి దొరకని సీటులో, ఏడెనిమిది వేల కిలోమీటర్ల అవతల నుంచి వచ్చి, గోలు కూడా తప్పిపోయి నేను కూర్చున్నా. అయినా ఆయన తన జేబులోంచి ఒక చాక్లెట్టు తీసిచ్చాడు.

ధరల మీద అక్కడి అభిమానుల కోపం మామూలుది కాదు. 2016 ఫిబ్రవరిలో లివర్‌పూల్ వాళ్లు 77 పౌండ్ల టికెట్టు పెడతామంటే, సండర్లాండ్‌తో మ్యాచ్‌లో 77వ నిమిషానికి వేలమంది లేచి వెళ్లిపోయారు. అప్పటికి 2-0తో గెలుస్తున్న జట్టు 2-2తో ముగించింది. కొద్దిరోజుల్లోనే ఓనర్లు క్షమాపణ చెప్పి ఆ ధర వెనక్కి తీసుకున్నారు. పరాయి మైదానంలో ఆడేటప్పుడు టికెట్టు 30 పౌండ్లు మించకూడదనే నియమం కూడా 2016-17 నుంచే వచ్చింది. నేను అక్కడున్న నవంబరులోనే మాంచెస్టర్ యునైటెడ్ సీజను మధ్యలో మిగిలిన మెంబరు టికెట్లను 66 పౌండ్లు చేసింది, పిల్లలకూ ముసలోళ్లకూ రాయితీ లేకుండా. తమ్ముడి ఆఫీసులో దాన్ని తిట్టనివాడు లేడు, వేరే జట్ల వాళ్లతో సహా.

మెంబరు అనే మాటకు ఇంకో అర్థం ఉందని నాకు అనంతపురంలోనే తెలుసు. ఇక్కడ ఆర్డీటీ అనే సేవా సంస్థకు స్పెయిన్ నుంచి మనుషులు వస్తూపోతూ ఉంటారు. దాన్ని పెట్టిన విన్సెంట్ ఫెర్రర్ బార్సిలోనాలో పుట్టినవాడు, 1969లో ఇక్కడికొచ్చాడు. స్పెయిన్ లీగు లా లీగా ఫౌండేషన్ తోడ్పాటుతో ఆర్డీటీలో మన పిల్లలు ఫుట్‌బాల్ ఆడారు. అట్లా వచ్చిన అతిథి ఒకాయన ఒకసారి పాస్‌పోర్టు జిరాక్స్‌కు మా షాపుకొచ్చాడు. పర్సు తెరిస్తే బార్సిలోనా కార్డు కనబడింది. సోసియో అన్నాడు, అంటే మెంబరు. లక్షకు పైగా సోసియోలు, క్లబ్బు వాళ్లదే. ప్రెసిడెంటును ఓటేసి ఎన్నుకుంటారు, నచ్చకపోతే దింపే ప్రయత్నమూ చేస్తారు. రియల్ మాడ్రిడ్, అథ్లెటిక్ బిల్బావో, ఒసాసునా కూడా అట్లాంటివే. జర్మనీలో అయితే సగానికి పైగా ఓట్లు మెంబర్ల చేతిలో ఉండాలని 50+1 నియమం 1998 నుంచి ఉంది, ఒకటీ రెండు మినహాయింపులు తప్ప. అక్కడా అందరికీ సీటు దొరకదు, సీజన్ టికెట్లకు ఏండ్ల తరబడి ఎదురుచూపులే. కానీ సీటు దొరకనివాడికి కనీసం ఓటుంది. నా 35 పౌండ్లకు ఓటు లేదు, డబ్బా ఉంది.

ఆ డబ్బా సంగతి. నేను తిరిగొచ్చాక జనవరి ఆఖర్లో చేరింది. పోస్ట్‌మ్యాన్ దాన్ని కదిలించి చూసి, "ఏముందప్పా, గలగలమంటాంది?" అన్నాడు. కీచైను, ఒక బ్యాడ్జీ, నా పేరులో ఒక అక్షరం తప్పుగా కొట్టిన ప్లాస్టిక్ కార్డు, ఉన్ని మఫ్లరు. అనంతపురంలో ఉన్ని మఫ్లరు. మా అమ్మ దాన్ని మిక్సీ కింద పరిచింది.

పరాయి మైదానం మ్యాచులు, కప్పు ఫైనళ్లు మనకు దూరమే. అవి పాయింట్లను బట్టి ఇస్తారు, పాయింట్లు మ్యాచుకు పోతే వస్తాయి. ఇరవై ఏండ్లు టీవీలో చూసినా మన ఖాతాలో సున్నాయే.

మరి కొనొచ్చా? ఇంగ్లండు పోయే తేదీ ఖాయమై, ఆ రోజుల్లో సొంత మైదానం మ్యాచ్ ఉండి, రాత్రిళ్లు చుక్కలు నొక్కే ఓపిక ఉంటే కొనండి. డబ్బా వద్దు, డిజిటల్‌ది చాలు. ఇద్దరు పోతుంటే ఇద్దరి పేరునా తీసుకోండి, ఒకరి మెంబర్‌షిప్ మీద రెండు సీట్లు రావు. ఆటో రెన్యువల్ టిక్కు అదే రోజు తీసేయండి. నేను తీయలేదు, జూన్‌లో కార్డు నుంచి డబ్బు పోయింది, మెయిళ్లు పెట్టి పెట్టి నెల తర్వాత వెనక్కి తెచ్చుకున్నా. ఊరికే ఇంట్లో కూర్చుని అభిమానం చూపించడానికైతే వద్దే వద్దు. అభిమానం ఆపుకోలేకపోతే బెంగళూరు రెండొందల కిలోమీటర్లు. కంఠీరవ స్టేడియానికి పోయి, బెంగళూరు ఎఫ్‌సీ అభిమానుల గుంపు వెస్ట్ బ్లాక్ బ్లూస్ పక్కన నిలబడితే గొంతు పోయేంత అరవొచ్చు. రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి ఉగ్గాని బజ్జీలకు ఊళ్లో ఉంటాం. ఐదుకు రెండు స్టార్లు ఇస్తున్నా. ఆ రెండూ మారు అమ్మకం పేజీకి, పసుపు కోటు అమ్మాయికి.

ఆ తర్వాతి సీజనుకు నేను కట్టలేదు. తమ్ముడు కట్టాడు, తనకొకటి, పుట్టినవాడి పేరున జూనియర్ మెంబర్‌షిప్ ఒకటి. "ఇప్పుడు మొదలుపెడితే పెద్దయ్యేసరికి వానికి వరస వస్తాదన్నా" అంటున్నాడు. కార్డు మీద ఫొటో పంపాడు. వాడు అప్పుడప్పుడే పాకడం నేర్చుకుంటున్నాడు.