కారు నడపడంలోని ఆనందం స్టీరింగ్‌లోనే ఉంది: ఒక చిన్న కారుతో దీర్ఘకాల అనుభవం

మైలేజీ, డిక్కీ వైశాల్యం, హార్స్‌పవర్ వంటి వివరాలు ఎక్కడైనా దొరుకుతాయి కనుక వాటి జోలికి వెళ్లను. టన్ను బరువు కూడా లేని, హైడ్రాలిక్ పవర్ స్టీరింగ్ (నూనె ఒత్తిడి సాయంతో తిరిగే స్టీరింగ్) ఉన్న ఈ పెట్రోలు కారును చాలా ఏళ్లుగా నడుపుతున్నాను. ఇందులో నాకు అన్నిటికన్నా నచ్చినది దాని స్టీరింగ్. ముందు చక్రాల కింద ఏం జరుగుతోందో చేతులకు తెలియకపోతే ఎంత వేగం ఉన్నా నడపడంలో ఆనందం ఉండదని నా గట్టి నమ్మకం.

మలుపు తిరుగుతున్నప్పుడు ముందు టైర్లు మళ్లీ తిన్నగా రావాలని చూస్తాయి. ఆ బలమే స్టీరింగ్‌లో బరువుగా చేతికి తగులుతుంది. టైర్లు పట్టు కోల్పోయే స్థితికి చేరువవుతున్నకొద్దీ, పట్టు పూర్తిగా పోకముందే, ఆ బరువు తగ్గడం మొదలవుతుంది. ఒకసారి వాన వెలిసిన కొండదారిలో, మలుపు మధ్యలో రోడ్డుకు అడ్డంగా పారుతున్న బురదనీటి మీదికి వెళ్లగానే స్టీరింగ్ ఉన్నట్టుండి తేలికైపోయింది. యాక్సిలరేటర్ మీద కాలు కాస్త సడలించాను. మరుక్షణమే బరువు తిరిగి వచ్చి, కారు తన దారిలోనే సాగిపోయింది. జారబోతున్న సంగతి కంటికి కనిపించకముందే చేతికి తెలిసింది.

లక్ష కిలోమీటర్లు దాటాక ఈ గుణం మెల్లమెల్లగా మాయమైంది. తిన్నని రోడ్డు మీద కూడా స్టీరింగ్‌ను అటూ ఇటూ సరిచేస్తూ ఉండవలసి వచ్చేది, బ్రేకు వేస్తే కారు పక్కకు లాగేది. ఒక సర్వీస్ సెంటర్‌లో వీల్ అలైన్‌మెంట్ (చక్రాల కోణాలను సరిచేయడం) చేసి, ఫలితం లేకపోయేసరికి స్టీరింగ్ తిప్పుడును చక్రాలకు అందించే స్టీరింగ్ ర్యాక్ మొత్తం మార్చాలన్నారు. కారు కిందికి వెళ్లి చూసినవారు లేరు, అయినా అంత ఖరీదైన భాగం పాడైందని తేల్చేశారు. ఆ కోపం నాకు ఇప్పటికీ పోలేదు. తరువాత మరొక మెకానిక్ కారును లిఫ్టు మీదికి ఎక్కించి, చక్రాన్ని కింది వైపు నుంచి పట్టి ఉంచే లోయర్ ఆర్మ్‌కూ ఫ్రేముకూ మధ్య ఒక ఇనుప కమ్మీ దూర్చి కదిపారు. ఆర్మ్‌ను ఫ్రేముకు కలిపే చోట ఉండే బుష్‌లోని రబ్బరు చీలిపోయి ఉండటంతో, కదలకూడనంత మేర ఆర్మ్ కదిలింది. రెండు వైపులా బుష్‌లు మార్చి, అలైన్‌మెంట్ మళ్లీ చేశారు, ర్యాక్‌ను ముట్టుకోనే లేదు. గ్యారేజీ నుంచి బయటికి వచ్చి మొదటి మలుపు తిరగగానే నాకు నచ్చిన ఆ పాత బరువు అరచేతులకు తగిలింది.

ఈ ఆనందమంతా హైడ్రాలిక్ స్టీరింగ్ పుణ్యమేనని మొదట్లో అందరికీ చెప్పేవాణ్ణి, ఇప్పుడు అంత గట్టిగా చెప్పను. బుష్‌లు చెడినప్పుడు అదే హైడ్రాలిక్ స్టీరింగ్ మూగబోయింది కదా. పైగా హైడ్రాలిక్ పంపును ఇంజిన్ నిరంతరం తిప్పుతూనే ఉండాలి, ఎలక్ట్రిక్ స్టీరింగ్‌లోని మోటారు మాత్రం సాయం అవసరమైనప్పుడే ఎక్కువ కరెంటు తీసుకుంటుంది. ఇంధనం ఆదా అవుతుంది కనుకనే కంపెనీలు అటు మళ్లాయి. 2011లో వచ్చిన పోర్షే 911 ఎలక్ట్రిక్ స్టీరింగ్‌కు మారింది. 2014లో ఆవిష్కరించిన మాజ్దా ఎంఎక్స్-5 నాలుగో తరం కూడా మారింది, అయినా నడపడానికి ఇంపైన కార్ల ప్రస్తావన వస్తే దాని పేరు తప్పక వినిపిస్తుంది. లోటస్ కంపెనీ మాత్రం 2021లో చూపిన ఎమిరా స్పోర్ట్స్ కారులో సైతం హైడ్రాలిక్‌నే ఉంచిందంటే, ఆ స్పర్శకు విలువ ఇచ్చేవారు ఇంకా ఉన్నారన్నమాట.

ఇబ్బందులూ ఉన్నాయి. ఇరుకు చోట పార్కు చేసేటప్పుడు చేతులకు శ్రమ తప్పదు, గుంతల రోడ్డులో ప్రతి కుదుపూ మణికట్టు దాకా వస్తుంది. నేను ఎక్కువగా ఒంటరిగా, ఖాళీ రోడ్ల మీద, వంపులున్న దారుల్లో నడుపుతాను కనుక ఇవి నాకు పెద్ద లెక్కలోకి రావు. రోజూ ట్రాఫిక్‌లో గంటలకొద్దీ నడిపేవారికి, భుజాల నొప్పి ఉన్నవారికి తేలికైన ఎలక్ట్రిక్ స్టీరింగే నయమనిపించవచ్చు, వారికి ఈ కారును నేను సిఫారసు చేయలేను. నా వాడకం ఇలాగే ఉన్నంతకాలం, విడిభాగాలు దొరుకుతున్నంతకాలం, దీన్ని మార్చే ఉద్దేశం నాకు లేదు.