పక్కన తగిలించుకునే మూడు లీటర్ల గాలి సిలిండర్: చాలాకాలం వాడాక

నీళ్లలో దిగేటప్పుడు పెద్ద సిలిండర్‌కి తోడుగా, ఆపదకి పనికొస్తుందని పట్టుకెళ్లే ఈ చిన్న సిలిండర్‌లో నాకు అన్నిటికన్నా నచ్చింది ఒక్కటే: వాల్వు తిప్పే పిడి నా ఎడమ చేతికి అందుతుంది. చాలామంది దీన్ని వీపున పెద్ద సిలిండర్ పక్కనే పట్టీతో బిగిస్తారు. నాకూ మొదట అలాగే బిగించి ఇచ్చారు. ఇప్పుడు భుజం దగ్గర ఒక కొక్కెం, నడుము దగ్గర ఒక కొక్కెం పెట్టి ఎడమ పక్కన తగిలించుకుంటున్నాను. ఈ సమీక్ష రాస్తున్నది ఆ పిడి కోసమే.

రుషికొండలో సరదాగా దిగేవాళ్ల సంగతి వేరు. నా పని పంట్లకీ (రేవు దాటించే బల్లకట్టు పడవలు) మరబోట్లకీ అడుగున చుట్టుకున్న వలలు కోసి తియ్యడం. ఎక్కువగా గోదావరి వశిష్ఠ, వైనతేయ పాయల్లో, సముద్రం దగ్గరపడే చోట. ధవళేశ్వరంలో నీటిమట్టం 11.75 అడుగులకి చేరి మొదటి ప్రమాద హెచ్చరిక పడితే ఎలాగూ దిగం. కానీ వేసవిలో కూడా పోటు తిరిగే వేళకి ఒండ్రు లేచి, మాస్కుకి ఆనించినా చెయ్యి కనపడదు. అక్కడ ఏం చూడాలన్నా వేళ్లతోనే.

వీపున ఉన్న వాల్వుని నీళ్లలో తిప్పడం నాకు సాధ్యం కాదు కాబట్టి దిగే ముందే తెరిచి ఉంచాలి. తెరిచి ఉంచితే దాని రెగ్యులేటర్ (నోట్లో పెట్టుకుని గాలి పీల్చుకునేది) ఎక్కడైనా ఒత్తుకుని గాలి వదిలేస్తున్నా బురదలో బుడగలు కనపడవు. అవసరం వచ్చేసరికి సిలిండర్ ఖాళీ కావచ్చు. పక్కన ఉంటే ఆ బెంగ లేదు. పైనే ఒకసారి తెరిచి, గొట్టంలో ఒత్తిడి నింపి, మూసేస్తాను. ఒత్తిడి ఉన్న గొట్టంలోకి నీళ్లు రావు. కావలసినప్పుడు చెయ్యి పట్టీ వెంబడి పైకి జరిపితే పిడి దొరుకుతుంది.

దీని విలువ తెలిసింది ఒక రేవులో పంటు కింద. పంటు ప్రొపెల్లర్ ఇరుసు చుట్టూ నైలాన్ వల తాడులా బిగిసిపోయింది. దిగబోతుంటే సరంగు అన్నాడు: "ఏడు మీటర్ల లోతుకి రెండో బుడ్డెందుకండీ? ఊపిరి బిగబట్టి పైకొచ్చెయ్యచ్చు కదా." నెత్తిమీద పంటు ఉంటే నేరుగా పైకి రావడం కుదరదు, ముందు పక్కకి రావాలి. ఇంజిను తాళం పైన తాడు పట్టుకునే మావాడి జేబులో పెట్టించి దిగాను.

సగం వల కోశాక, పీల్చిన ప్రతిసారీ గాలితోపాటు ఉప్పునీళ్లు రావడం మొదలైంది. మీట నొక్కి గాలి వదిలితే ఒక్క ఊపిరి బాగానే వచ్చింది, మళ్లీ నీళ్లే. దగ్గు వస్తోంది. కుడి కాలి ఫిన్నుకి (ఈతకి తొడిగే రబ్బరు రెక్క) వల తగులుతోంది. ఎడమ చెయ్యి పట్టీ మీదుగా పోనిచ్చి పిడి తెరిచాను. మెడలో రబ్బరు తాడుకి ఉన్న రెండో రెగ్యులేటర్ నోట్లో పెట్టుకుని, లోపలి నీళ్లు ఊదేశాను. పొడి గాలి వచ్చింది. నిజంగా ప్రాణం లేచొచ్చింది. అక్కడే ఉండి నాలుగు ఊపిర్లు పీల్చుకుని, ఫిన్ను విడిపించుకుని, తాడు పట్టుకుని బయటికొచ్చాను.

పైన విప్పి చూస్తే, పెద్ద సిలిండర్ రెగ్యులేటర్‌లో వదిలిన గాలి బయటికి పోయే పల్చటి రబ్బరు మూత కింద వెంట్రుకంత నైలాన్ పోగు ఇరుక్కుని ఉంది. మూత పూర్తిగా పడక నీళ్లు లోపలికి వచ్చాయి. పెద్ద సిలిండర్‌లో గాలికి కొదవ లేదు, కానీ అది నా నోటిదాకా పొడిగా రావడం లేదు. అందుకే రెండో సిలిండర్‌కి సొంత రెగ్యులేటర్ ఉండి తీరాలంటాను.

మూడు లీటర్ల సిలిండర్‌లో 200 బార్ ఒత్తిడి దగ్గర సుమారు 600 లీటర్ల గాలి ఉంటుంది. ఏడు మీటర్ల లోతులో, కంగారుగా నిమిషానికి 40 లీటర్ల చొప్పున పీల్చినా ఎనిమిది నిమిషాలు వస్తుంది. 85 లీటర్లు పట్టే చేతి బుడ్డీలు కూడా దొరుకుతాయి. అదే లెక్కన అవి నిమిషం పైచిలుకు. వల విడిపించుకోవడానికి అది చాలదు.

పక్కన తగిలించుకోవడం అన్ని చోట్లా హాయి అని ఇదివరకు అందరికీ చెప్పేవాణ్ణి. ఇప్పుడు అలా చెప్పను. ఆటు మీద పంటుకీ బురదకీ మధ్య సందు తగ్గినప్పుడు అది అడ్డం పడుతుంది. అప్పుడు కింది కొక్కెం తీసి సిలిండర్‌ని ముందుకి నెట్టుకుంటూ వెళ్లాలి. నాది అల్యూమినియం కాబట్టి గాలి తగ్గేకొద్దీ అడుగు భాగం పైకి తేలుతుంది. మెడలోని రెగ్యులేటర్ బురదని తోడుకోకుండా నోటిముక్కకి మూత కూడా పెట్టాల్సి వచ్చింది.

నాకు అసలు గిట్టనిది లోపలి ఒత్తిడి చూపే దాని బొత్తాం గేజి. చొక్కా గుండీ కన్నా కాస్త పెద్దది, 150కీ 180కీ తేడా తెలియదు. నింపే చోట తొందరగా నింపితే సిలిండర్ వేడెక్కి 200 చూపిస్తుంది, ఇంటికొచ్చి చల్లారాక 180కి దిగుతుంది. అందుకే మర్నాడు పొద్దున పెద్ద గేజి తగిలించి చూస్తాను.

ఉప్పునీళ్లలో వాడేవాళ్లకి ఇంకో మాట. అడుగున తొడిగే రబ్బరు బూటు, నడుమున స్టీలు పట్టీ తీసి కడగాలి. పట్టీ కింద ఉప్పు తడి నిలిస్తే రంగు బొబ్బలెక్కి, గీకితే తెల్లటి పొడి రాలుతుంది. మా బోరు నీళ్లే ఉప్పన, కాబట్టి కాలువ నీళ్లు తేర్చుకుని కడుగుతాను. వేసవిలో కాలువలు కట్టేస్తే తాగునీళ్ల టిన్ను కొంటాను. లోపల తడి చేరకుండా సిలిండర్‌ని ఎప్పుడూ పూర్తిగా ఖాళీ చెయ్యను. ఏడాదికోసారి లోపల చూపిస్తాను, అయిదేళ్లకోసారి నీటి ఒత్తిడి పరీక్ష. సిలిండర్ మెడ దగ్గర ఆ పరీక్ష ముద్ర తేదీ చూడకుండా పాతది కొనకండి.

బురదలో, నెత్తిమీద అడ్డు ఉన్న చోట, నీళ్లలో ఒంటరిగా పని చేసేవాడిగా నేను ఇది లేకుండా దిగను. తేట నీళ్లలో, పక్కనే జోడీ ఉండి దిగేవాళ్లకి ఇంత బరువు, ఇంత కడుగుడు అవసరమా అంటే, నా పని చూసి నిర్ణయించుకోవద్దు. ఒకసారి అద్దెకి తీసుకుని, కళ్లు మూసుకుని పిడి వెతికి చూడండి.