ముగ్గు, గోరింట, ఒకే గుడ్డ: పిల్లలకు సహనం నేర్పడానికి ఏది మేలు?

ఆగస్టు 15 దగ్గర పడితే చాలు, హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో చిత్రలేఖన పోటీలు మొదలవుతాయి. అంశం చాలాసార్లు మతసామరస్యమే. అలాంటి పోటీకి రెండేళ్లు న్యాయనిర్ణేతగా కూర్చున్నాను. గుడి, మసీదు, చర్చి పక్కపక్కన, పైన పావురం, మూలన జెండా. మూడు కట్టడాలున్నాయి గానీ, వాటి ముందు ఒక్క మనిషి లేడు. బహుమతి గెలిచిన పిల్లవాడైతే, పక్కనున్న పిల్ల స్కెచ్ పెన్ను అడగగానే డబ్బా మూత పెట్టి, మోచేయి అడ్డం పెట్టుకున్నాడు. పోటీ అన్నాక అంతే కదా, వాడి తప్పేముంది?

అప్పటి నుంచి మెహదీపట్నంలో మా మేడ మీద ఆదివారం తరగతిలో వేరే దారులు వెతుకుతున్నాను. వచ్చేది పన్నెండు మంది. తెలుగు, ఉర్దూ, మార్వాడీ మాట్లాడే ఇళ్ల పిల్లలు.

అసలు ‘సహనం’ అనే మాటతోనే నాకు పేచీ. ‘పరమత సహనం’ అని పుస్తకంలో చదివిన పిల్లకు అది పంటినొప్పి ఓర్చుకోవడంలా వినిపిస్తుంది. పక్కింటివాళ్లు ఓర్చుకోవలసిన నొప్పి కాదు. అందుకే తరగతిలో ఆ మాట ఎత్తను.

మొదట ప్రయత్నించింది ఒకే పొడవాటి గుడ్డ మీద అందరూ కలిసి బొమ్మ వేయడం. 1971లో అమెరికాలోని ఆస్టిన్ బడుల్లో వేర్వేరు జాతుల పిల్లల మధ్య గొడవలు ముదిరినప్పుడు, మనస్తత్వ శాస్త్రవేత్త ఇలియట్ ఆరన్‌సన్ పాఠాన్ని ముక్కలు చేసి ఒక్కొక్కరికి ఒక్కో ముక్క ఇచ్చారు. పక్కవాడు చెప్పేది వినకపోతే పాఠం పూర్తి కాదు. నేను అదే పని రంగులతో చేశాను. ఒకరికి నీలం, ఒకరికి పసుపు, ఒకరికి ఎరుపు. చెట్టుకు ఆకుపచ్చ కావాలంటే ఇద్దరూ మాట్లాడుకోక తప్పదు. మొదటి వారం ప్రతివాడూ పెన్సిలుతో తన హద్దు గీసుకున్నాడు. రెండో వారం ఒకడి గాలిపటం తోక పక్కవాడి ఇంటి మీదికి పోయింది, పెద్ద రగడ. మూడో వారానికి ఆ తోక ఆ ఇంటి మీద బట్టలారేసే తాడైంది. నేను నోరు విప్పలేదు. చిక్కేమిటంటే, దీనికి నాలుగైదు వారాలు పడుతుంది. పైగా బాగా గీయగలిగిన పిల్ల మేస్త్రీ అయిపోయి, మిగతావాళ్ల చేత రంగులు నింపించుకుంటుంది.

రెండోది, ఎవరింటి గీతలు వాళ్లు పక్కవాళ్లకు నేర్పడం. ఒక పిల్ల సుద్దముక్కతో మేడ మీద ఏడు చుక్కలు పెట్టి, సందు చుక్క నాలుగు వచ్చేదాకా దించింది. ఆరు మూలల ఆకారం వచ్చింది. మూల వదిలి మూలకు గీత గీసేసరికి నక్షత్రం తేలింది. “ఇది మా మసీదు కిటికీలో ఉంటుంది” అన్నాడు ఎనిమిదేళ్లవాడు. వాడి అక్క కాగితం మీద అరచేయి గీసి మెహందీ తీగలు నేర్పుతుంటే, ముగ్గు పిల్ల “ఆషాఢంలో మా అమ్మ గోరింటాకు రుబ్బుతుంది, కానీ మాకు మధ్యలో చందమామే” అంది. ఆ పూట నేను నేర్పిందేమీ లేదు. కాసేపు ఈమె పంతులమ్మ, కాసేపు ఆమె. ఎవరు ఎక్కువ, ఎవరు తక్కువ అన్న ప్రశ్నే రాలేదు. ఒక్క జాగ్రత్త: పెద్దవాళ్లు వచ్చి “ఇది వాళ్లది, ఇది మనది” అని చీటీలు అంటించకూడదు. మా దగ్గర ఒక నాన్నగారు ఆ పని చేశారు. మరుసటి వారం పిల్లలు రెండు జట్లుగా కూర్చున్నారు.

మూడోది ముఖోటాలు, అంటే మొహానికి పెట్టుకునే మాస్కులు. తెలంగాణలోని చేర్యాల కళాకారులు వీటిని రంపపు పొట్టు, చింతగింజల జిగురుతో చేస్తారు. మేము పాత పత్రికలు, మైదా జిగురుతో చేశాం. చేయడం సరదాగానే ఉంది. పెట్టుకున్నాకే వెక్కిరింపు మొదలైంది, ఒకరి యాసను ఒకరు అనుకరిస్తూ. పదేళ్లు దాటని పిల్లలతో మళ్లీ చేయను.

ఒక్క పూటే దొరికితే నేను ముగ్గు, గోరింటకే ఓటేస్తాను. నెల దొరికితే మాత్రం గుడ్డే. గొడవ పడి, దాన్ని వాళ్లే తీర్చుకునే అవకాశం మిగతావాటిలో లేదు. పోటీ ఎలాగూ పెట్టాల్సి వస్తే, కనీసం స్కెచ్ పెన్నుల డబ్బా ఇద్దరికి ఒకటే ఇవ్వండి.

మా గుడ్డ ఇప్పుడు ఇల్లిల్లూ తిరుగుతోంది, ఒక్కో ఇంట్లో ఒక్కో వారం. కిందటి వారం ఎవరింట్లోనో పప్పుచారు మరక పడింది. దాని చుట్టూ చెరువు గీశారు.