పద్మపాణి కోసం వెళితే పాము కనిపించింది

అజంతా మొదటి గుహలో చేత కలువ పట్టుకుని, కళ్లు కిందికి వాల్చిన పద్మపాణిని, అంటే బౌద్ధుల అవలోకితేశ్వరుణ్ని చూసొచ్చినప్పటి నుంచి మా వదినది ఒకటే గొడవ, మన దిక్కు ఇలాంటిది లేదా అని. పెద్దపల్లి దగ్గర ధూళికట్ట బౌద్ధ స్తూపం ఉంది కదా అన్నాను. అక్కడే తప్పు చేశాను.

మొదటి రాత్రి హనుమకొండలో దిగాం. లాడ్జి గది శుభ్రంగానే ఉంది, వేడినీళ్లకు మాత్రం మూడుసార్లు కిందికి ఫోన్ చేయాల్సి వచ్చింది. అయినా బసకు హనుమకొండే నయం. పొద్దున్నే పద్మాక్షి గుట్ట ఎక్కాం. తలపై పడగలున్న శిల్పం చూసి వదిన "బుద్ధుడు!" అంది. కాదు, జైనుల పార్శ్వనాథుడు.

అవలోకితేశ్వరుణ్ని గుర్తుపట్టడం తేలికే. సన్యాసి వేషం ఉండదు, రాజకుమారుడిలా నగలు. ఇంకా లోకాన్ని విడిచిపెట్టని బోధిసత్వుడు, అంటే బుద్ధుడు కాబోయేవాడు మరి. ఎడమచేత తామర, కుడిచేయి వరమిచ్చే వరదముద్ర, కిరీటంలో బొటనవేలంత అమితాభ బుద్ధుడు. వేయి చేతుల రూపంలో ప్రతి అరచేతిలోనూ ఒక కన్ను. కష్టం కనబడ్డ చోటే చెయ్యీ అందాలన్నమాట. చైనాకు వెళ్లాక ఈయనే గ్వాన్‌యిన్ అనే తల్లి అయ్యాడు. నాకు ఆ వేయి చేతులకన్నా కిందికి వాల్చిన ఆ చూపే ఎక్కువ నచ్చుతుంది. పేరులో ఉన్నది కూడా ఆ అవలోకనమే కదా.

కాజీపేటలో రైలెక్కి పెద్దపల్లిలో దిగి, ధూళికట్టకు ఆటో మాట్లాడుకున్నాం. హుస్సేనిమియా వాగు దగ్గర శాతవాహనుల నాటి స్తూపం. మేం వెళ్లిన రోజు తాగడానికి నీళ్లు దొరకలేదు, వివరం చెప్పేవాళ్లూ లేరు. నీళ్లు, టోపీ మీరే తెచ్చుకోండి.

పద్మపాణి లేడు. ఉండడు కూడా. బుద్ధుణ్ని మనిషి రూపంలో చెక్కడమే ఇంకా అలవాటు కాని తొలినాళ్ల శిల్పం ఇది. పాదాలు, ఖాళీ ఆసనం లాంటి గుర్తులతోనే ఆయన ఉన్నాడని చెప్పేవారు. వదిన ముఖం మాడిపోయింది. సున్నపురాతి పలక మీద పడగలు విప్పిన నాగు ముందు మాత్రం ఆగింది. బోధి పొందాక ఏడు రోజులు ముసురు పట్టింది, ముచిలిందుడనే నాగరాజు బుద్ధుడి ఒంటికి చుట్టలు చుట్టి పడగ పట్టాడని కథ చెప్పాను.

పక్కనే మేకలు కాస్తున్న తాత ఆ ముక్క విని, "వానకు గొడుగు వట్టింది బిడ్డా, పామైతేంది?" అన్నాడు.

వదిన పలక ముందు కూర్చుని పడగలు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ఆటో అతను హారన్ మీద హారన్. వెయిటింగ్ చార్జీ సంగతి ముందే మాట్లాడుకోలేదు మేం.